మొలకూ మేకుకూ మధ్య మా నాన్న

నేను రిటైరయ్యే ముందు మా ఆఫీసులో ఒక శిక్షణా తరగతి పెట్టారు. టై కట్టుకున్న ఒకాయన వచ్చి, కింద పనిచేసేవాళ్ళను ఉరికించాలంటే ఆర్డర్లు వేస్తే లాభం లేదనీ, కథ చెప్పాలనీ, ఆ కథ సొంత జీవితంలోంచి రావాలనీ, చెబుతున్నప్పుడు గొంతు కాస్త పూడుకుపోవాలనీ బోధించాడు. చుట్టూ అందరూ శ్రద్ధగా రాసుకున్నారు. నేను రాసుకోలేదు. ఈ విద్య నేను ఎనభైల్లోనే దిల్‌సుఖ్‌నగర్‌లో, ఒక సైకిల్ షాపు మేడ మీద నేర్చుకున్నాను. ఫీజు మా నాన్న కట్టాడు.

అప్పట్లో ఎల్బీనగర్ చౌరస్తా దాటితే ఊరు అయిపోయినట్టే. విజయవాడ రోడ్డుకు అటూ ఇటూ ద్రాక్షతోటలుండేవి. ఒక వేసవిలో తోట ఎండిపోయేది, మరుసటి వేసవికి అక్కడ సున్నం పూసిన హద్దురాళ్ళు లేచేవి. వాటి మధ్య ఒక రేకు బోర్డు, బోర్డు మీద ఎవరో ఒక దేవుడి పేరు, దాని చివర నగరో, పురమో. ఆ రాళ్ళ మధ్య నిలబడి ఇదిగో మీ వంటిల్లు, అదిగో మీ పెరడు అని చూపించే ఉద్యోగం నాది. నేను బి.ఏ.లో చరిత్ర చదివాను. లేనిదాన్ని ఉన్నట్టు చూపించడానికి అది కొంత పనికొచ్చింది.

మా యజమానిది బాలాపూర్ వైపు ఒక పాత రైతు కుటుంబం. పొలాలు అమ్మగా, కొనగా, మళ్ళీ అమ్మగా ఆయన వ్యాపారస్తుడయ్యాడు. సార్ అంటే ఒప్పుకునేవాడు కాదు. సార్ అంటే దూరమవుతుంది, అన్నా అనండి అని చేరినరోజే చెప్పాడు. అలా అందరికీ అన్న అయ్యాడు. దగ్గరితనం విషయంలో ఆయన చాలా పట్టుదల మనిషి. మన దగ్గర ఏముందో దగ్గరికొస్తేనే కదా కనబడేది.

పొద్దున్నే మేడ మీద గదిలో మడతకుర్చీలు వేసుకుని కూర్చునేవాళ్ళం. ఇవాళ ఎన్ని ప్లాట్లు, ఎవరు ఎటు వెళ్ళాలి అన్న సంగతి అన్న ఎత్తేవాడే కాదు. ఒక కథ చెప్పేవాడు. ఇంటర్వ్యూకు వెళ్తూ, అరిగిపోతాయని చెప్పుల్ని చేతిలో పట్టుకుని నడిచి, గుమ్మం ముందు తొడుక్కున్న కథ. పెళ్ళిభోజనంలో విస్తరి ముందు కూర్చుంటే ఎవరో భుజం పట్టి లేపిన కథ. అన్ని కథల్లోనూ ఆయన మొదట్లో అవమానపడేవాడు, మధ్యలో పళ్ళు బిగించేవాడు, చివర్లో మా వైపు చూసేవాడు. ఆ చూపు మోసుకుని మేం మెట్లు దిగి, బస్సుల వెంట పరిగెత్తి, సాయంత్రం దాకా ఎండలో రాళ్ళకు తోడుగా నిలబడేవాళ్ళం. జీతం పెంచమని అడగాలని ఎవరికీ తోచేది కాదు. అన్ని బాధలు పడ్డ మనిషిని ఏమని అడుగుతాం?

నాతోపాటు పనిచేసేవాళ్ళలో నాగోల్ నుంచి వచ్చే ఒకతను నాకు బాగా దగ్గర. నా కృష్ణాజిల్లా భాషను వెక్కిరించడం అతనికి పొద్దుటి వ్యాయామం. కథ అయ్యాక మెట్లు దిగుతూ, "ఏమండీ బాబుగారూ, ప్రసాదం పుచ్చుకున్నారాండీ" అనేవాడు. అప్పటినుంచి మా ఇద్దరి మధ్యా అన్న కథకు ప్రసాదమనే పేరు స్థిరపడింది. వెక్కిరించినా, ప్రసాదం బాగా పడిన రోజు అతను మిగతా అందరికన్నా ఎక్కువ తిరిగేవాడు.

నాకే అది అంతగా ఒంటబట్టలేదు. ప్లాటు చూడడానికి వచ్చినవాళ్ళు నీళ్ళున్నాయా అని అడిగితే ఇంకా రాలేదని చెప్పేవాణ్ణి. ఆ వృత్తిలో ఇది చిన్న లోపం కాదు. నెలలు గడిచినా నా చేతుల మీదుగా ఒక్క రాయి కూడా అమ్ముడుపోకపోవడంతో, అన్న ఒకనాటి సాయంత్రం నన్ను బస్ డిపో ఎదురుగా ఉన్న ఇరానీ హోటల్‌కు తీసుకెళ్ళాడు. తిడతాడనుకున్నాను. మలాయి వేయించి మరీ టీ తెప్పించాడు.

"తమ్మీ, నువ్వు జమీన్ అమ్ముతున్నవ్. జమీన్ ఎవడు కొంటడు? నీ కథేందో జెప్పు ముందు."

నాకేం కథ లేదన్నాను. కథ లేని మనిషి ఉండడనీ, లోపల ఎక్కడో ముల్లు ఉంటుందనీ, అది చూపిస్తే మందు తనే చెబుతాననీ అన్నాడు. తరువాత, మీ నాయన ఏం చేస్తాడని అడిగాడు.

ఇక్కడ మా నాన్న గురించి చెప్పాలి. బదిలీ మీద ఈ ఊరొచ్చిన ప్రభుత్వ గుమాస్తా ఆయన. రాత్రి భోజనాల దగ్గర ఆఫీసు కబుర్లు చెప్పేవాడు. ఫ్యాను గాలి ఎవరి వైపు తిరిగింది, దాన్ని ఎవరు తమ వైపు తిప్పుకున్నారు, ఎవరి కుర్చీ దిండు ఎవరి కిందికి చేరింది, ఇవే విషయాలు. కానీ అందరి గొంతులతోనూ మాట్లాడేవాడు. అమ్మ గరిటె చేతిలో పట్టుకుని వడ్డించడం మరిచిపోయేది. మాకు ఆస్తులంటూ ఏమీ లేవు. మాట ఇస్తే దాని మీద నిలబడతాడని మాత్రం నాన్నకు ఒక పేరుండేది. దాన్ని ఆయన తన ఇస్త్రీ చొక్కాలాగే జాగ్రత్తగా వాడుకునేవాడు.

మేం దిల్‌సుఖ్‌నగర్‌లో రెండు గదులు అద్దెకు తీసుకున్న ఇంటి ఓనరమ్మది అక్కడి పాత ఊరే. పొలం కాలనీలో కలిసిపోయాక వచ్చినదాంతో ఆ ఇల్లు కట్టారు. అందుకే కాబోలు, గోడల్ని ఆవిడ మడిచెక్కల్లా చూసుకునేది. మొదటిరోజు గదులు చూపిస్తూ, "అంత మంచిగనే ఉన్నది గని సారూ, మొలలు గిలలు ఉండద్దు, ముందే జెప్తున్న" అంది.

ఇక్కడివాళ్ళు గోడకు కొట్టే మేకును మొల అంటారని మాకు తెలీదు. మొలలంటే మా వైపు తెలిసింది ఒకే ఒక జబ్బు, నలుగురిలో పేరెత్తనిది. అద్దెకిచ్చే ముందు నగరంలో ఆరోగ్యం కూడా విచారిస్తారని నాన్న కాస్త కంగారుపడ్డాడు. అయితే రెండు కుటుంబాలకూ మరుగుదొడ్డి ఒకటే కాబట్టి, అడగడంలో న్యాయముందని కూడా తోచింది. గొంతు తగ్గించి, మర్యాదగా, మా ఇంట్లో ఎవరికీ లేవండీ, నాదీ పూచీ అన్నాడు. ఆవిడకూ తృప్తి, ఆయనకూ తృప్తి.

ఆ తరువాత మా తాతయ్య ఆబ్దికం వచ్చింది. తాతయ్య ఫొటో ఇంట్లో దిగిననాటి నుంచీ ట్రంకుపెట్టె మీద గోడకు జారబడి ఉంది. వాయిదా వేయడంలో నాన్నకు ప్రభుత్వ అనుభవం ఉంది. ఆబ్దికం పొద్దున, ఆఫీసు స్నేహితులు వచ్చి కూర్చున్నాక, పురోహితుడు ఫొటో ఎక్కడని అడిగాక, ఆయనకు పౌరుషం వచ్చింది. వంటింట్లోంచి పచ్చడిబండ తెచ్చి, వీధి వీధంతా వినబడేలా గోడకు ఒక మేకు కొట్టాడు.

ఓనరమ్మ తలుపు దగ్గరికి వచ్చింది. కేకలేమీ వేయలేదు. "మొలలు లేవంటివి గద సారూ. పూచీ అంటివి. పెద్దమనిషి లెక్క కనబడి మాట తప్పుతవా?"

వేలికి దర్భ పవిత్రంతో నిలబడ్డ నాన్నకు ఆ క్షణంలో మొత్తం అర్థమైంది. కానీ అర్థమైనదాన్ని వివరించాలంటే ఆ జబ్బు పేరు ఎత్తాలి. పురోహితుడి ముందు, ఆఫీసువాళ్ళ ముందు, అదీ తండ్రికి పిండం పెట్టే రోజున. ఆయన మేకు పీకేశాడు. ఇంట్లో సున్నం లేదు. పళ్ళపొడి తడిపి, పవిత్రం ఉన్న వేలితోనే ఆ కన్నం పూడ్చాడు. ఆయన పూడ్చేదాకా ఆవిడ అక్కడే నిలబడింది. ఆఫీసువాళ్ళు కిటికీలోంచి బయట ఏదో చూశారు. బయట చూడడానికి ఏమీ లేదు.

కొన్నాళ్ళకు అమ్మ సంగతంతా ఓనరమ్మకు చెప్పింది. ఆవిడ నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, సారు మంచోడు, తప్పు నాదే అని ఒక గిన్నె నిండా సకినాలు పంపింది. ఆఫీసువాళ్ళకు మాత్రం ఎవరూ చెప్పలేదు. నాన్న వద్దన్నాడు. భోజనాల దగ్గర ఊళ్ళోవాళ్ళ కథలన్నీ చెప్పే మనిషి ఆ ఒక్క కథ ఎప్పుడూ ఎత్తలేదు. మేమూ ఎత్తలేదు.

అది నేను అన్నకు చెప్పాను. ఆయన వినే పద్ధతి అలాంటిది. టీ మీద మీగడ కట్టినా చూసుకోకుండా విన్నాడు. మొలల దగ్గర బల్ల చరిచి నవ్వాడు, పళ్ళపొడి దగ్గర కళ్ళు తుడుచుకున్నాడు. "మీ నాయన మంచోడు తమ్మీ. గీ మాట నా కడుపుల ఉంటది" అన్నాడు. బయటికొచ్చి నడుస్తుంటే నేను కొంచెం పొడుగైనట్టు అనిపించింది. నా మాట అంత శ్రద్ధగా విన్న మనిషి మరొకరు అప్పటికి తారసపడలేదు.

వానలు మొదలయ్యాక ఒక పొద్దున, మేడ మీద గదిలో, తన తండ్రి కిరాయి ఇంట్లో ఉన్న రోజుల గురించి అన్న కథ మొదలుపెట్టాడు. తండ్రి ఆబ్దికం అన్నాడు. ఫొటో అన్నాడు. నేను అప్పటికీ, లోకంలో చాలామంది తండ్రులుంటారు, చాలా ఫొటోలుంటాయి అనుకున్నాను. గోడకు ఒక్క మేకు కూడా కొట్టనని ఇంటాయనకు తన తండ్రి మాట ఇచ్చాడని అన్నాడు. కానీ ఆబ్దికం నాడు ప్రాణం ఒప్పక, చప్పుడు కాకుండా రాయికి బట్ట చుట్టి, మెల్లగా, దొంగలా కొట్టాడన్నాడు. పట్టుబడ్డాడన్నాడు. పవిత్రం, పళ్ళపొడి, వేలు వరసగా వచ్చాయి. ఆనాడే అనుకున్నాను, మనవాళ్ళకు సొంత గోడ ఉండాలని అనుకున్నాను అంటూ మా వైపు చూశాడు. గదిలో ముక్కులు చీదుకోవడం వినబడింది.

మొల లేదు. కథ మొత్తం వెతికినా ఎక్కడా మొల లేదు. పుట్టిన దగ్గరనుంచి మొల అంటూ పెరిగిన మనిషి, శ్రద్ధగా, ఒత్తి పలుకుతూ మేకు అన్నాడు.

మెట్ల మీద నాగోల్ స్నేహితుడు ఆగాడు. "అన్నకు కిరాయి ఇల్లెక్కడిదే? వాళ్ళ నాయనకు ఇంత పెద్ద వాకిలున్నది, బావులున్నయ్. మేకంటడేంది మల్ల? మేం మొల అంటం."

ఆ తండ్రి మా నాన్న అని చెప్పాను. ఈసారి బాబుగారూ అనలేదు.

"చెప్పులు చేతుల వట్టుకొని నడిచిన కథ యాదికున్నదా?"

"అన్నది కదా."

"నాది."

మొదటిసారి విన్నరోజు అందరితోపాటు తనూ కళ్ళు తుడుచుకున్నాడట. అన్న నోట వింటే తన కష్టం తనకే గొప్పగా కనబడిందట. బస్సెక్కి కూర్చున్నాక గానీ అది తనదని కోపం రాలేదట. అప్పటికి ఆలస్యమైంది, చేతిలో కరపత్రాలున్నాయి. పెళ్ళిభోజనం కథ ఎవరిదో అప్పుడు నాకూ తెలిసిపోయింది. వెనక వరసలో కూర్చునే ఒకాయన ఆ కథ వచ్చినప్పుడల్లా తన కుర్చీ కాళ్ళను పరిశీలించేవాడు. ఒక్కొక్కరం ఒక్కొక్క టీకి అమ్ముడుపోయాం. తనొక్కడే అనుకుని ఎవరికి వాళ్ళం చప్పట్లు కొడుతూ కూర్చున్నాం.

అన్నను విడిగా పట్టుకున్నాను. దాచుకోవాలని కూడా చూడలేదాయన.

"కోపమొచ్చిందా తమ్మీ? నీ నోట్ల ఉంటే అది ఏడుపు. నా నోట్ల వడితే ధైర్యం. ఇంతమంది ఉత్సాహంగ పని చేస్తున్నరు. మీ నాయనకు పుణ్యమే గద."

మరి మొల ఏమైందని అడిగాను. మొల అంటే మీ ఆంధ్రావాళ్ళు నవ్వుతారు, ప్లాట్లు కొనేది ఎక్కువ వాళ్ళే, నవ్వుతున్నవాడు సంతకం పెట్టడు అని వివరించాడు. ఇందులో వ్యాపారపరంగా తప్పు పట్టడానికేమీ లేదు. ఆ మాట తీసేస్తే మా నాన్న కావాలని మాట తప్పినవాడవుతాడని, బట్ట చుట్టి దొంగతనంగా కొట్టినవాడవుతాడని చెప్పాను. నా గొంతు పూడుకుపోయింది. అన్న నా భుజం మీద చెయ్యి వేశాడు.

"మీ నాయన కాదు గద తమ్మీ, మా నాయన" అన్నాడు ఓదార్పుగా.

ఆ చలికాలం పెద్ద అంబర్‌పేట దగ్గర కొత్త వెంచర్‌కు భూమిపూజ పెట్టారు. సిబ్బంది ఇళ్ళవాళ్ళంతా రావాలని అన్న పట్టుబట్టాడు. నేను కొత్తలో ఇంట్లో ఆయన్ని తెగ పొగిడి ఉన్నాను. కొడుకు ఎలాంటి మనిషి దగ్గర పనిచేస్తున్నాడో చూడాలని నాన్న ఉబలాటపడ్డాడు. వద్దనడానికి నా దగ్గర కారణం లేదు, ఉన్న కారణం చెప్పేది కాదు. మళ్ళీ అన్న దగ్గరికే వెళ్ళాను. మా నాన్న వస్తున్నాడు, మిగతావి ఏవైనా చెప్పుకో, ఆ కథ ఒక్కటి వద్దు అన్నాను.

"మీ నాయనను ఎదురుంగ కూసోవెట్టి చెప్తనా? గంత తెలివి లేనోన్నా?" అన్నాడు. తల మీద చెయ్యి పెట్టి ఒట్టు వేశాడు. నా తల మీద.

ఆ రోజు ఎల్బీనగర్ నుంచి వ్యాన్లు పెట్టి జనాన్ని తీసుకొచ్చారు. రాళ్ళ మధ్య షామియానా, మైకు, గంగాళాలతో పులిహోర. ముందు వరసలో అన్న తండ్రి, తెల్ల తలపాగాతో ఠీవిగా కూర్చున్నాడు. చెవులు సరిగ్గా వినబడవు, అందరూ చప్పట్లు కొడితే తనూ కొడుతున్నాడు. నాన్నకు ఆయన పక్క కుర్చీ దొరికింది. అమ్మ ఒంట్లో బాగోక రాలేదు. అది ఒక్కటే ఆ రోజు నాకు కలిసొచ్చింది.

అన్న మైకు అందుకుని చెప్పుల కథ ఎత్తుకున్నాడు. నా పక్కన స్నేహితుడు నిట్టూర్చాడు. నేను ఊపిరి పీల్చుకున్నాను. స్నేహమెంత ఉన్నా, పోయినవి పక్కవాడి చెప్పులైతే ఆ బాధ వేరు. కానీ జనం కదల్లేదు. ఆడవాళ్ళు కబుర్లలో ఉన్నారు, కొందరు పులిహోర వైపు తిరిగి కూర్చున్నారు. అన్నకు ఆ సంగతి అర్థమైంది. మాట్లాడుతూనే ఏదో వెతుకుతున్నట్టు ముందు వరస మీదికి చూపు పోనిచ్చాడు. ఆ చూపు నాన్న మీద ఆగింది. నాన్నను చూసి కూడా చెప్పాడని తరువాత అందరూ అన్నారు. నాన్నను చూశాకే గుర్తొచ్చిందని నేననుకుంటాను.

మా నాయన కిరాయి ఇంట్ల ఉండె, అని మొదలుపెట్టాడు.

నాన్న మొదట ఆసక్తిగా ముందుకు వంగాడు. ఆయనకు కథలంటే ఇష్టం. ఆబ్దికం అన్న మాటకు, విసురుకుంటున్న కరపత్రం ఆగింది. మాట ఇచ్చి, రాయికి బట్ట చుట్టి, దొంగలా, అన్నప్పుడు తన కుడిచెయ్యి వైపు చూసుకున్నాడు. పళ్ళపొడి దగ్గర వేళ్ళు ముడిచి గుప్పిట్లో దాచుకున్నాడు. నా వైపు ఒక్కసారి కూడా చూడలేదు. నేను మాత్రం ఆయన్నే చూస్తున్నాను. మైకులో అన్న గొంతు పూడుకుపోయి, విడివడి, ఇక్కడ మీ గోడ మీది, ఎన్ని మేకులు కొట్టుకుంటారో కొట్టుకోండి అంది. షామియానా అంతా చప్పట్లు. తలపాగా పెద్దాయన కూడా కొట్టాడు.

చప్పట్లు తగ్గాక నాన్న ఆయన చెవి దగ్గరికి వంగాడు.

"అయ్యా, తమరు ఎప్పుడైనా అద్దె ఇంట్లో ఉన్నారా?"

"ఏందీ?"

"అద్దె. కిరాయి."

"కిరాయా?" పెద్దాయన చెయ్యి చాచి రాళ్ళూ, రోడ్డూ, ఆ వెనక గుట్టా అన్నీ కలిపి చూపించాడు. "గిదంత మాదే సారూ."

చాలా సంతోషమండీ, అని నాన్న నమస్కారం పెట్టాడు.

అన్న దిగివచ్చి చేతులు జోడించి, మీ అబ్బాయి బంగారమన్నాడు. కళ్ళు ఇంకా తడిగానే ఉన్నాయి. నాన్న కాసేపు ఆ కళ్ళను పరీక్షగా చూశాడు.

"పులిహోర బాగుంది బాబూ" అన్నాడు.

తిరుగు ప్రయాణంలో వ్యాను వద్దని బస్సెక్కాడు. దారంతా కిటికీ వైపే చూశాడు. ఎల్బీనగర్‌లో జనం దిగి, బస్సు కాస్త ఖాళీ అయ్యాక అడిగాడు.

"మొల ఏదిరా?"

నేను చెప్పాననీ, ఆయన తీసేశాడనీ అన్నాను. చెప్పకుండా ఉంటే తీసేవాడు కాదు కదా అని ఆయన అనలేదు. అనకపోవడం నాకు బాగా వినబడింది.

"బట్ట చుట్టానా నేను?"

"లేదు నాన్నా."

"పచ్చడిబండతో కొట్టాను. వీధి చివరిదాకా వినబడింది. దొంగతనంగా కొట్టేవాణ్ణి నలుగురినీ పిలిచి కూర్చోబెట్టి కొడతానా?"

ఇన్నేళ్ళూ ఎవరికో చెప్పుకోవాలని దాచుకున్న మాట అది. కిటికీకి చెప్పాడు. దిల్‌సుఖ్‌నగర్‌లో దిగి ఇంటి సందు మలుపు తిరిగేటప్పుడు, నాకే అన్నట్టు కాకుండా, "మాట తప్పానని ఆవిడ ఒక్కత్తే అంది. పోనీ తరువాత కాదని కూడా తనే అంది" అన్నాడు. షామియానా కింద ఉన్న అంతమందికీ కాదని ఇంటింటికీ వెళ్ళి చెప్పేదెవరో ఆయన అడగలేదు.

సోమవారం పొద్దున మేడ మీద కొత్త కథ వచ్చింది. భూమిపూజలో ఒక పెద్దమనిషి తన చెయ్యి పట్టుకుని ఏడ్చాడట. నీ మేకు కథ నా కథే నాయనా, నేనూ మాట తప్పినవాణ్ణే అన్నాడట. అన్న గొంతు పూడుకునే చోటికి వచ్చింది.

నేను లేచి నిలబడ్డాను. "అన్నా, అది మేకు కాదు. మొల."

మిగతాది కూడా చెప్పాను. ఓనరమ్మ అడిగింది ఏమిటో, మా నాన్నకు వినబడింది ఏమిటో, ఎవరికీ లేవండీ అని ఆయన ఏ గొంతుతో పూచీ పడ్డాడో, పచ్చడిబండ ఎంత చప్పుడు చేసిందో. నాన్న గొంతు నాకు బాగానే వచ్చు, ఎన్నో రాత్రులు విన్నాను కదా. మొదట స్నేహితుడు పక్కుమన్నాడు. తరువాత వెనక వరసాయన, కుర్చీ కాళ్ళను వదిలేసి మరీ నవ్వాడు. చివరికి గదంతా ఊగిపోయింది. అన్న కూడా ఆపుకోలేక నవ్వాడు, మధ్యలో గుర్తొచ్చి ఆపేశాడు.

ఆత్మగౌరవంతో ఆ రోజే ఉద్యోగం మానేశానని రాసుకుంటే బాగుంటుంది. రేపటి నుంచి రావద్దన్నది అన్నే. ఆ తరువాత ఆయన ఆ కథ ఎత్తుకున్నప్పుడల్లా వెనకనుంచి ఎవరో ఒకరు మొలలు గిలలు అని గొణిగేవారట. ఇగ గా కథకు ఏడ్వరాదు అని స్నేహితుడు కబురు చేశాడు. మైకుల్లో మాత్రం అది ఇంకా కొన్నాళ్ళు బతికింది. మీ గోడ, మీ మేకు అని కరపత్రాల మీద కూడా అచ్చేశారు. ఒకటి ఉల్లిపాయల పొట్లంగా మా ఇంటికే వచ్చింది. అమ్మ ఉల్లిపాయలు తీసుకుని, కాగితాన్ని చదవకుండానే పొయ్యిలో పెట్టింది.

ఆ సోమవారం రాత్రే భోజనాల దగ్గర నేనే మొదలుపెట్టాను. ఉద్యోగం పోయిన సంగతి ముందు చెప్పి, ఎలా పోయిందో వివరంగా చెప్పాను. మొలను మళ్ళీ దాని చోట పెట్టి వచ్చానని, ఇక ఆ గదిలో ఎవరూ మాట తప్పాడని అనరని చెప్పాను. నాన్న అన్నంలో మజ్జిగ పోసుకుంటూ విన్నాడు.

"నవ్వారా?"

"బాగా నవ్వారు నాన్నా. కుర్చీలు కదిలేలా."

ఆయన నెమ్మదిగా కలుపుకున్నాడు. "అతన్ని చూసా, నన్ను చూసా?"

అతన్ని చూసే అన్నాను. జవాబు రావలసినదానికన్నా కాస్త ఆలస్యంగా వచ్చింది. కథలు చెప్పేవాడికి ఆ మాత్రం ఆలస్యం చాలు. అమ్మ మాట మారుద్దామని, ఇవాళ మీ ఆఫీసులో ఏమిటి విశేషాలని అడిగింది.

"ఏముంది, మామూలే" అన్నాడు నాన్న.

ఆ తరువాత నేనెప్పుడు అడిగినా అదే జవాబు. మానేశాడని కాదు. సాయంత్రాలు నేను సందులోంచి వస్తుంటే వంటింటి కిటికీలోంచి వినబడేది: ఒక హెడ్‌గుమాస్తా గొంతు, ఒక ప్యూను గొంతు, మధ్యలో అమ్మ నవ్వు. నేను గుమ్మం దగ్గర చెప్పులు విడిచేసరికి అందరూ వెళ్ళిపోయి, నాన్న ఒక్కడే మంచినీళ్ళు తాగుతూ ఉండేవాడు.